పావురాల గూటికి గాలి లెక్క

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో మిద్దెల మీద పావురాలు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు. పందేలకు హోమర్లు, అంటే దూరాన వదిలినా గూటికి తిరిగొచ్చే జాతి పావురాలు, పెంచేవాళ్లు కొందరు, ముచ్చటపడి రంగురంగుల జాతులు పెంచేవాళ్లు మరికొందరు. పక్షికి కన్ను నీరు కారినా, రాత్రి గురక వినిపించినా ముందు మందు కోసం వెతుకుతాం. వీటిలో చాలా జబ్బులకు దోవ చూపేది ఇరుకు షెడ్డే.

పక్షికి సుమారు 10 ఘనపుటడుగుల చోటు ఉండాలన్నది పెంపకందార్లు పాటించే లెక్క. మీ షెడ్డు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుందాం. మొత్తం 336 ఘనపుటడుగులు. 33 పక్షులు పడతాయి కదా అని 16 జతలు వదిలేస్తారు. కానీ పొదిగించే జత అంటే రెండు పక్షులు కాదు, పిల్లలతో కలిపి నాలుగు. గుడ్డు పొదగడానికి 18 రోజులు, పిల్ల సొంతంగా గింజ తినడానికి మరో నెల పడుతుంది. కాబట్టి జతకు 40 ఘనపుటడుగులు వేసుకోండి. ఆ షెడ్డుకు 8 జతలే. ఇందులో బేరం వద్దని గట్టిగా చెబుతాం.

జతలు గుడ్లు పెట్టి పొదిగే అరలు మాత్రం జతల కన్నా ఎక్కువ ఉండాలి. వెనక గోడ పొడవునా 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, అడుగున్నర ఎత్తున్న అరలు వరసకు 4 చొప్పున మూడు వరసలు కట్టవచ్చు. కింది వరస నేలకు అడుగున్నర పైన మొదలవ్వాలి. 8 జతలకు 12 అరలుంటే పోతుల కొట్లాటలు తగ్గుతాయి, గుడ్లు పగలవు. ఒక్కో అరలో 9 అంగుళాల మట్టి మూకుళ్లు రెండు పెట్టండి. పిల్లలకు రెండు మూడు వారాలు నిండేసరికే పెట్ట మళ్లీ గుడ్లు పెడుతుంది. రెండో మూకుడు లేకపోతే పిల్లలు ఆ కొత్త గుడ్లను తొక్కేస్తాయి. మూకుడు నున్నగా ఉంటే పిల్ల కాళ్లు పక్కలకు జారి ఎడంగా చాచుకుపోతాయి, అందుకే అడుగున వేపపుల్లలో చీపురుపుల్లలో పరవాలి. అర ముందు 4 అంగుళాల చెక్క అడ్డం కొట్టండి. పిల్ల దాటి పక్క అరలోకి వెళ్లిందా, అక్కడి పోతు దాని నెత్తి తోలు లేచిపోయేలా పొడుస్తుంది.

ఇక గాలి. చల్లగాలి కిందనుంచి రావాలి, వేడిగాలి పైనుంచి పోవాలి. ముందు గోడ కింది భాగాన, నేలకు 6 అంగుళాల ఎత్తున బారుగా ఒక సందు, వెనక గోడ మీద కప్పు కిందే మరో సందు వదలండి. రెండింటికీ అరంగుళం కన్నుల వెల్డ్ మెష్, అంటే ఇనుప జాలీ, బిగించాలి. అంతకన్నా పెద్ద కన్నులైతే ఎలుకపిల్లలు దూరతాయి. పావురం చలికి తట్టుకుంటుంది కానీ రాత్రంతా ఒంటికి తగిలే ఈదురుగాలికి తట్టుకోలేదు. పరీక్ష తేలికే: పక్షులను బయటికి పంపి, అవి కూర్చునే దండెం ఎత్తున ఊదుబత్తి పట్టుకోండి. పొగ మెల్లగా పైకి లేచి వెనక సందులోంచి పోవాలి. అడ్డంగా కొట్టుకుపోతే కింది సందు సగం మూయండి. అక్కడక్కడే తిరుగుతుంటే పై సందు వెడల్పు చేయండి.

అసలు పరీక్ష తెల్లవారుజామున. తలుపు తీయగానే తల లోపల పెట్టి గాలి పీల్చండి. ముక్కు మండిందంటే అది తడి రెట్ట నుంచి పుట్టిన అమ్మోనియా. మనకు ఒక్క క్షణం ఘాటు, పక్షికి రాత్రంతా. ఊపిరి గొట్టం లోపలి పొర దెబ్బతింటే సూక్ష్మక్రిములకు అడ్డు ఉండదు. రెట్ట రోజూ పొడిగానే గీకి తీయండి. నీళ్లు పోసి కడిగితే చెన్నై ఉక్కలో ఆ తేమ ఆరదు, కాక్సిడియా పరాన్నజీవికి కావలసింది ఆ తేమే. గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. పావురాల దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన మనుషుల్లో కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నం చల్లబరిచేది సముద్రపు గాలి. అది వచ్చేది తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి కాబట్టి షెడ్డు ముఖం ఆగ్నేయానికి ఉంచితే మేలు. రేకు కప్పైతే సున్నం కొట్టి, పైన జానెడు ఎడం ఉంచి కొబ్బరాకు తడికలు వేయండి. దోమలు పావురాలకు అమ్మోరు అంటిస్తాయి కాబట్టి రాత్రి దోమతెర అవసరమే, కానీ ఈకల దుమ్ముతో దాని కన్నులు పూడిపోతాయి. వారానికోసారి ఉతకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానజల్లు ఈశాన్యం నుంచి కొడుతుంది. ఆ వైపు చూరు 2 అడుగులు బయటికి ఉండాలి. టార్పాలిన్ దించినా పై సందు మాత్రం మూయకూడదు. ఈ మూడు నెలలూ పోతులను, పెట్టలను విడివిడిగా ఉంచడం మా సలహా. చివరి పిల్లలు గింజకు అలవాటు పడగానే విడదీయండి. సంక్రాంతి వెళ్లాక అరలన్నీ గీకి, సున్నం పూసి, రెండు రోజులు ఎండనిచ్చి, అప్పుడు జతలు కలపండి.