బీపీ, షుగర్ పరీక్ష: కఫ్ చుట్టే ముందు, అంకె వచ్చాక

[తెర మీద: శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో ఒక ఊరి అరుగు. వీపు ఆనే కుర్చీ, పక్కన బల్ల, దాని మీద డిజిటల్ బీపీ మెషిన్, గ్లూకోమీటర్.]

వాయిస్: 30 ఏళ్లు దాటిన అందరికీ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూడాలి. ఆశా కార్యకర్త ఫారంతో మొదలై, ఏఎన్ఎం (ఊరి నర్సు), ఎంఎల్‌హెచ్‌పీ (ఊరి ఆరోగ్య కేంద్రం చూసుకునే ఆరోగ్య అధికారి) మీదుగా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు దగ్గరికి చేరే పని ఇది. మెషిన్ బటన్ నొక్కడం ఎవరికైనా వచ్చేస్తుంది. తప్పు అంకె రాకుండా చూసుకోవడం, వచ్చిన అంకెను డాక్టరు దాకా చేర్చడం, ఈ రెండు చోట్లే మనుషులు జారిపోతారు.

[తెర మీద: సీబ్యాక్ ఫారం. నడుం కొలుస్తున్న చేతులు.]

వాయిస్: సీబ్యాక్ ఫారం, అంటే జబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో మార్కులతో చూసే ప్రశ్నల కాగితం, దాని సంగతి త్వరగా చూద్దాం. వయసు, పొగాకు, మందు, నడుం కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అన్నవి అడిగి మార్కులు వేస్తాం. 4 దాటితే ముందు వాళ్లని పిలవాలి. దాటలేదని వదిలేయడానికి లేదు, వాళ్ల వంతు కాస్త వెనక, అంతే. పొగాకు అడిగేటప్పుడు "బీడీ, సిగరెట్ తాగుతారా" అంటే మన పెద్దాడవాళ్లు లేదనే అంటారు. చుట్ట అడగండి, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అడగండి.

నడుం టేపు చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో పడాలి. చీర కుచ్చిళ్ల మీద నుంచి కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది కాబట్టి ఆ నాలుగైదే తేడా తెచ్చేస్తాయి.

[తెర మీద: నులకమంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న పెద్దావిడ. పక్కన అదే మనిషి కుర్చీలో.]

వాయిస్: ఇప్పుడు బీపీ. అరగంట ముందు టీ, కాఫీ, చుట్ట ఏదీ ఉండకూడదు. ఒంటికి వెళ్లి రమ్మనండి. మూత్రం ఆపుకుని కూర్చుంటే పై అంకె పది దాకా పెరగొచ్చు. ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) చుట్టకండి.

మంచం అంచున వీపుకి ఆనిక ఉండదు, కాళ్లు గాల్లో ఉంటాయి. కుర్చీలో వెనక్కి ఆనుకోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చేయి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టాలి. బల్ల లేకపోతే బియ్యం డబ్బా మీద మడత దుప్పటి వేసినా సరే. చేయి మాత్రం వేలాడకూడదు.

"పిన్నీ, ఐదు నిమిషాలు ఏటీ మాట్లాడకుండా కూకో."

ఈ మాట అనడం సులువే, పాటించేది తక్కువ. చుట్టూ నలుగురు చేరి "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అంటుంటారు. ఆవిడ వాళ్లకి జవాబు చెబుతుంటే అంకె పైకి పోతుంది. ఆ ఐదు నిమిషాల్లో పక్కవాళ్ల ఫారం నింపుకోండి, టైమూ కలిసొస్తుంది.

[తెర మీద: దగ్గరగా, కఫ్ చుట్టడం.]

వాయిస్: కఫ్ చర్మం మీదే చుట్టాలి. కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు పైన ఉండాలి. గొట్టం మోచేతి లోపలి వైపు, నాడి కొట్టుకునే చోటు మీదుగా రావాలి. బిగుతైన జాకెట్టు చేతిని పైకి తోసి దాని కింద కఫ్ పెడితే ఆ బట్టే కట్టు కట్టినట్టు చేతిని నొక్కుతుంది. మామూలు కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి. అంతకన్నా లావు చేతికి అదే వాడితే లేని బీపీ చూపిస్తుంది. పెద్ద కఫ్ కోసం పీహెచ్‌సీలో అడగండి.

డయాలసిస్ కోసం ఫిస్టులా (ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) వేసిన చేతికి కఫ్ చుట్టనే కూడదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ఇది ప్రతి ఇంట్లో అడగాల్సిన ప్రశ్న.

మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆ తర్వాత వాడండి. నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు తీసి సగటు రాయండి. రెండింటికీ తేడా పది దాటితే మూడోసారి తీసి, చివరి రెండింటి సగటు తీసుకోండి. మెషిన్ 137 చూపిస్తే 137 అనే రాయండి. రిజిస్టర్ నిండా 120/80, 130/80, 140/90 కనిపిస్తే కొలిచింది మెషిన్ కాదు, పెన్ను అనుకోవాల్సిందే.

[తెర మీద: 140/90. తర్వాత 180/110.]

వాయిస్: పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, ఏ ఒక్కటి చేరినా ఇంకో రోజు మళ్లీ చూడాలి. ఒక్క రీడింగ్‌తో "నీకు బీపీ ఉంది" అని చెప్పేయకండి. 180 గానీ 110 గానీ చేరితే ఇంకో రోజు దాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. దానికి తోడు గుండె నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చేయో కాలో లాగేయడం ఉంటే 108కి ఫోన్. గర్భిణికి 140/90 వచ్చినా ఆ రోజే పంపాలి.

[తెర మీద: సబ్బుతో చేతులు కడగడం. స్ట్రిప్ సీసా.]

వాయిస్: షుగర్ పరీక్షలో మొదటి తప్పు చేతి దగ్గరే జరుగుతుంది. మామిడిపండు తిన్న వేలికి, బెల్లం ముట్టుకున్న వేలికి 90 ఉన్న మనిషి 200 అయిపోతాడు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడవాలి. స్పిరిట్ వాడితే అది ఆరాకే గుచ్చాలి. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రక్తం రాలేదని వేలు పిండకండి, లోపలి నీరు కలిసి అంకె మారిపోతుంది. గుచ్చే ముందే చేయి కాసేపు కిందికి వేలాడదీయమనండి. లాన్సెట్ (వేలికి గుచ్చే సూది) ఒకరికి ఒకటే. వాడింది సూదికి చిల్లు పడని తెల్ల డబ్బాలోకి, దూది పసుపు సంచిలోకి.

స్ట్రిప్ సీసా మూత వెంటనే బిగించాలి. మన సముద్రపు గాలి తేమకి స్ట్రిప్పులు త్వరగా పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో బండి డిక్కీలోనూ ఉంచకూడదు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. కోడ్ అడిగే మెషిన్ అయితే సీసా మీది నంబరుతో సరిచూడండి. రక్తహీనత బాగా ఉన్నవాళ్లకి గ్లూకోమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. కళ్లు, గోళ్లు పాలిపోయి ఉంటే ఆ మాట కూడా చీటీలో రాయండి.

ఎప్పుడు తిన్నారన్నది చూడకుండా తీసిన పరీక్షలో 140 చేరితే పీహెచ్‌సీకి పంపాలి. అక్కడ పరగడుపున 126 గానీ, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 200 గానీ చేరితేనే షుగర్ జబ్బు అంటారు. లక్షణాలేవీ లేకపోతే ఆ పరీక్షనీ ఇంకోసారి చేసి ఖాయం చేసుకుంటారు. మెషిన్ మీద "హెచ్ఐ" (HI) అని వస్తే మెషిన్ కొలవగలిగిన అంకెను, చాలా మెషిన్లలో 600ని, దాటిందని అర్థం, వెంటనే ఆసుపత్రికి. 70 కంటే తక్కువ వచ్చి, మనిషి తెలివిగా ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

[తెర మీద: మ్యాప్. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు.]

వాయిస్: ఈ మండలాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు బీపీ గానీ షుగర్ గానీ లేనివాళ్లకి కూడా వస్తోంది. దానికి కారణం ఇంకా తేలలేదు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీ దెబ్బతింటుంది కాబట్టి మూత్రం స్ట్రిప్ బాగుందని ఊరుకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే పరీక్ష) చూడాలి. బీపీ, షుగర్ రెండూ బాగున్నాయని చెప్పేటప్పుడు "కిడ్నీ బాగుంది" అన్నట్టు వినపడకుండా చూసుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి.

జీడితోటలో పని చేసొచ్చి ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కునేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ మాత్ర బీపీని పెంచుతుంది, ఎండకి నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీని దెబ్బతీస్తుంది. "ఏం మందులు వాడతారు" అని కాకుండా "నొప్పుల బిళ్ల వారానికి ఎన్ని" అని అడగండి.

బీపీ మందు మొదలయ్యాక అమ్లోడిపిన్ అనే మాత్రతో కొందరికి కాళ్లు వాస్తాయి. ఉద్దానంలో కాళ్ల వాపంటే కిడ్నీ పోయిందనే భయం, మాత్ర మానేస్తారు. మాత్రవల్లా, కిడ్నీవల్లా అన్నది డాక్టరు తేల్చాలి. మానకుండా పంపండి.

[తెర మీద: ఒడ్డుకు చేరుతున్న పడవలు, సాయంత్రం వీధి.]

వాయిస్: ఇక దొరకని మనుషుల సంగతి. పదకొండు గంటలకి వీధిలోకి వెళ్తే ముసలివాళ్లే ఉంటారు. 35 ఏళ్ల మగవాడి గడి ప్రతి ఏడాదీ ఖాళీగానే మిగులుతుంది. తోట పనివాళ్లని పొద్దున్నే గానీ దీపాలు పెట్టాక గానీ పట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. మత్స్యకార వాడల్లో మగవాళ్ల పరీక్షలన్నీ అప్పుడు పెట్టుకోవడం తెలివైన పని.

గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికో, చెన్నై, హైదరాబాద్ పనులకో వెళ్లేవాళ్లకి బీపీ, షుగర్ ఉంటే, బయల్దేరే ముందే పీహెచ్‌సీలో ఎక్కువ రోజులకి మాత్రలు ఇవ్వగలరేమో అడగండి. చీటీ మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, చివరి రీడింగ్, తేదీ రాసి, ఫోటో తీసి ఆ మనిషి ఫోన్‌కీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కీ పంపండి. కాగితం సముద్రంలో తడుస్తుంది, ఫోటో ఉంటే ఏ ఊళ్లో డాక్టరుకైనా చూపించొచ్చు.