ఒవేర్న్ అగ్నిపర్వతాలను ఎక్కడ నిలబడి చూడాలి? ఒక వీడియో పాఠం

నమస్కారం. ఫ్రాన్స్ నడిమధ్యన ఒవేర్న్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ప్రధాన నగరం క్లెర్మాన్ ఫెరాన్. ఆ నగరానికి పడమట, ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 30 కిలోమీటర్ల పొడవున, 80 దాకా అగ్నిపర్వతాలు బారులు తీరి ఉన్నాయి. ఈ వరుసను షెన్ దె ప్వీ అంటారు. దీనిని, పక్కనే ఉన్న లిమాన్ భ్రంశంతో, అంటే భూపటలం చీలిన చోటుతో కలిపి, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ నేలను ఏయే చోట్ల నిలబడి, ఏ వరుసలో, ఏ వేళలో చూస్తే దాని పుట్టుక అర్థమవుతుందో ఈ వీడియోలో వివరిస్తాను.

వరుస గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. చాలామంది నగరంలో దిగగానే నేరుగా ప్వీ ద దోమ్ శిఖరానికి వెళ్లి, ఫొటోలు తీసుకుని దిగివస్తారు. పైనుంచి కనిపించే పచ్చని గుట్టలు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఏ గుట్ట ఎందుకు గుండ్రంగా ఉందో, ఏది ఎందుకు ఒక పక్క తెగిపోయి ఉందో తెలియకుండా చూస్తే సగమే చూసినట్టు. అందుకే ముందు దూరం నుంచి, తరువాత పైనుంచి, చివరకు లోపలి నుంచి చూడమని నా సలహా.

మొదట జెర్గోవీ పీఠభూమికి వెళ్లండి. ఇది నగరానికి దక్షిణాన, 744 మీటర్ల ఎత్తున ఉంది. క్రీస్తుపూర్వం 52లో గాల్ తెగల నాయకుడు వెర్సింజెటోరిక్స్ జూలియస్ సీజర్ సేనలను ఓడించిన చోటుగా దీనికి పేరుంది. ఇక్కడ పడమటి వైపు తిరిగి నిలబడండి. ఇప్పుడు తెరపై కనిపిస్తున్నది అదే దృశ్యం. కింద పంటపొలాల లిమాన్ మైదానం, దాని అంచున ఉన్నట్టుండి గోడలా లేచిన చరియ, ఆ చరియ మీద పీఠభూమి, దానిపైన అగ్నిపర్వతాలు. దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఆ చరియే భ్రంశం. ఆల్ప్స్ పర్వతాలు పుడుతున్న కాలంలో, సుమారు 3.5 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడి భూపటలం సాగి, పలచబడి, చీలింది. చీలికకు తూర్పున ఉన్న భాగం కుంగి మైదానమైంది. పలచబడిన పటలం కింది నుంచి కరిగిన శిల పైకి రావడానికి దారి దొరికింది. అయితే ఈ వరుసలోని అగ్నిపర్వతాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మొదటిది సుమారు 95,000 ఏళ్ల కిందటిది కాగా, చివరివి 8,500 ఏళ్ల కిందటివి. భూమి లెక్కలో చూస్తే ఇవి పసికూనలు. కాబట్టే వాటి ఆకారాలు ఇంకా చెక్కు చెదరలేదు.

మీరు నిలబడిన జెర్గోవీ కూడా లావాకు సాక్ష్యమే. దాని తలమీద బసాల్ట్, అంటే గట్టిపడిన నల్లని లావా రాయి, పలకగా ఉంది. దగ్గరలోనే ఉన్న సేర్ కొండ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట ఒక లావా ప్రవాహం అక్కడి లోయలోకి పారి గట్టిపడింది. చుట్టుపక్కల మెత్తని నేల వానలకు, నదులకు కోసుకుపోయింది, గట్టి బసాల్ట్ మాత్రం మిగిలింది. ఒకనాటి లోయ అడుగు ఈనాడు కొండ శిఖరమైంది. లోయ తలకిందులై కొండగా మారడాన్ని కళ్లారా చూపించే చోటు కనుక, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగమని కోరుతున్నాను.

రెండో మజిలీ ప్వీ ద దోమ్. దీని ఎత్తు 1,465 మీటర్లు. ఎక్కడానికి రెండు మార్గాలు ప్రధానం. 2012 నుంచి నడుస్తున్న, పళ్లచక్రం సాయంతో ఎక్కే విద్యుత్ రైలు ఒకటి. సెసా కనుమ నుంచి మెలికలు తిరుగుతూ వెళ్లే పాత కాలిబాట రెండోది. నడక అలవాటున్నవారికి సుమారు గంట పడుతుంది. సొంత కారులో పైకి వెళ్లే వీలు లేదు.

పైకి చేరాక ముందుగా గమనించాల్సింది, ఈ శిఖరం మీద క్రేటర్ లేకపోవడం. అగ్నిపర్వతమై ఉండి నోరు లేకపోవడం ఏమిటని అడుగుతారేమో. లావాలన్నీ ఒకే తీరున పారవు. లేతపాకం జారుతుంది, ముదురుపాకం గరిటెకు అంటుకుని నిలబడుతుంది కదా, అలాగే సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) తక్కువగా ఉన్న బసాల్ట్ లావా దూరాలకు పారుతుంది. సిలికా ఎక్కువైన ట్రాకైట్ లావా మాత్రం పారలేక, బయటికి వచ్చిన చోటే పోగుపడుతుంది. సుమారు 11,000 ఏళ్ల కిందట అలా పోగుపడిన ముద్దే ఈ పర్వతం.

ఇప్పుడు ఉత్తరం వైపు తిరగండి. అడవి, పచ్చిక కప్పిన శంఖువులు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. వాటిలో వెడల్పాటి గిన్నెలాంటి నోరున్నది పారియు. కాస్త పడమటగా ఉన్న ప్వీ ద కోమ్‌లో ఒక క్రేటర్ లోపల మరో క్రేటర్ ఉంటుంది. ఈ నోళ్లు బాగా కనపడాలంటే మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు గుంటలన్నీ చదునుగా అగుపిస్తాయి. సాయంకాలపు ఏటవాలు వెలుగులో ప్రతి క్రేటర్‌లోనూ ఒక పక్క నీడ పడి, లోతు తెలుస్తుంది.

శిఖరం మీదే రోమన్ల కాలపు మెర్క్యురీ దేవుడి ఆలయ శిథిలాలున్నాయి. వాటికి తోడు విజ్ఞాన చరిత్రలో ఈ కొండకు మరో గొప్ప స్థానం ఉంది. 1648 సెప్టెంబరు 19న, ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ కోరిక మేరకు ఆయన బావ ఫ్లోరాన్ పెరియె పాదరసం గొట్టంతో ఈ కొండ ఎక్కారు. పాదరసం మట్టం నగరంలో కంటే శిఖరం మీద సుమారు 8 సెంటీమీటర్లు తగ్గింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని లోకానికి రుజువైన చోటు ఇదే.

మూడోది పారియు. బాట మొదట ఒక పాత, వెడల్పాటి క్రేటర్ మీదుగా సాగుతుంది. ఆ క్రేటర్ ఒకప్పుడు లావాతో నిండి, పొంగి, క్లెర్మాన్ వైపు పారింది. తరువాత దాని లోపలే కొత్త శంఖువు లేచింది. చెక్క మెట్లు ఎక్కితే దాని అంచుకు చేరతారు. లోపలి గుంట దాదాపు 95 మీటర్ల లోతు ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు బాట పక్కన రాలిన స్కోరియా రాయిని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పరిమాణానికి తగ్గ బరువు ఉండదు. ఒళ్లంతా చిన్న చిన్న రంధ్రాలు, వేలికి గరుకుగా తగిలే అంచులు కనిపిస్తాయి. గాలిలోకి చిమ్మిన లావాలోని వాయువులు తప్పించుకుపోయిన జాడలే ఆ రంధ్రాలు. ఎర్రగా ఉంటే, వేడిగా ఉన్నప్పుడే గాలి తగిలి అందులోని ఇనుము ఆక్సీకరణ చెందిందని గుర్తు. చూశాక అక్కడే పెట్టేయండి. ఈ శంఖువులు వదులు రాళ్ల కుప్పలు కాబట్టి బాట దాటి ఒక్క అడుగు వేసినా గడ్డి ఊడి, వానకు గండి పడుతుంది. మెట్లు వేసింది అందుకే.

దక్షిణాన ఉన్న లాసొలా, లా వాష్ జంటను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలవద్దు. నా దృష్టిలో ఈ ప్రాంతమంతటిలోనూ అత్యుత్తమ పాఠం ఇక్కడే ఉంది. రెండు శంఖువులకూ ఒక పక్క గోడ లేదు. అడుగున ఊరిన లావా ఒత్తిడికి ఆ గోడ కూలి, దానితోపాటే కొట్టుకుపోయింది. తెగిన నోటి ముందు నిలబడితే ఎరుపు, నలుపు స్కోరియా పొరలు వాలుగా కనిపిస్తాయి. అక్కడి నుంచి బయలుదేరిన లావా వేర్ నది లోయలోకి దిగి, నీటికి అడ్డుకట్ట వేసింది. అలా ఏర్పడినదే ఎయిదా సరస్సు. ఇది సుమారు 8,600 ఏళ్ల కిందటి మాట. ఉదయం శంఖువు దగ్గర నిలబడి, మధ్యాహ్నం సరస్సు ఒడ్డుకు వెళ్లండి. కారణం, ఫలితం రెండూ ఒకే రోజున చూడవచ్చు.

మన వాళ్లకు లావా నేల కొత్తేమీ కాదు. వికారాబాద్ ప్రాంతపు నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల బసాల్ట్ దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాలే. కానీ ఆ లావా నేల పగుళ్ల నుంచి పొంగి పొరలుగా పరుచుకుంది కనుక మన దగ్గర ఇలాంటి శంఖువులు లేవు.

తీరిక ఉంటే దక్షిణానికి సాగండి. బెస్ అనే ఊరి దగ్గర దాదాపు గుండ్రంగా ఉండే పావెన్ సరస్సు 92 మీటర్ల లోతు ఉంటుంది. మాగ్మాకు, అంటే నేల కింది కరిగిన శిలకు, నీరు తగిలి జరిగిన పేలుడు తవ్విన గుంట అది. గెరీ కనుమ దగ్గర రోడ్డు పక్కనుంచే త్వీలియేర్, సానద్వార్ శిలలు, వాటి నడుమ హిమానీనదం కోసిన లోయ కనిపిస్తాయి. ఇంకా దక్షిణాన, కాంతాల్ ప్రాంతంలోని ప్వీ మారీ శిఖరం 1,783 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని చుట్టూ లోయలు అన్ని దిక్కులకూ విచ్చుకుంటాయి. అక్కడికి చేర్చే పెయ్‌రోల్ కనుమ రోడ్డును శీతకాలంలో మంచు వల్ల మూసేస్తారు.

రెండే రోజులుంటే మొదటి రోజు ఉదయం జెర్గోవీ, సాయంత్రం ప్వీ ద దోమ్ పెట్టుకోండి. రెండో రోజు ఉదయం లాసొలా, లా వాష్, మధ్యాహ్నం ఎయిదా సరస్సు, ఓపిక మిగిలితే పారియు చూడండి. శిఖరాన్ని మబ్బు కమ్మడం ఇక్కడ మామూలే. అలాంటి రోజున లెమ్‌తేజీకి వెళ్లండి. దశాబ్దాలపాటు రాయి తవ్విన క్వారీ కావడంతో అగ్నిపర్వతం అక్కడ నిలువునా కోసి ఉంటుంది. లావా పైకి వచ్చిన గొట్టాన్ని, పొర మీద పొరగా పడిన బూడిదను మబ్బులోనూ దగ్గరగా చూడవచ్చు. రైలు వేళలు కాలాన్ని బట్టి మారతాయి కనుక ప్వీ ద దోమ్‌కు బయలుదేరే ముందు, కిందికి వచ్చే చివరి రైలు ఎప్పుడో తప్పక కనుక్కోండి.