నెల తీసేయమనేవాళ్లకు ఒక ప్రశ్న

సభకు నమస్కారం.

నల్లజాతి చరిత్రకు విడిగా ఒక నెల కావాలా? ఇక్కడ అమెరికాలో ఫిబ్రవరిని నల్లజాతి చరిత్ర నెలగా జరుపుతారు, ఏటా అది రాగానే ఈ వాదన లేస్తుంది. 2005లో నటుడు మోర్గాన్ ఫ్రీమన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆ నెలను కొట్టిపారేశాడు. నా చరిత్రను ఒక నెలకు కుదిస్తారా, నల్లవాళ్ల చరిత్ర అంటే అమెరికా చరిత్రే కదా అన్నాడు. కాదనలేని మాటే. ఆ నెలంటే గిట్టనివాళ్లు అప్పట్నుంచీ దాన్నే పట్టుకున్నారు.

అయితే ఈ వేడుకను మొదలుపెట్టిన కార్టర్ వుడ్సన్ కోరుకున్నదీ అదే. ఆయన తల్లిదండ్రులు బానిసత్వం అనుభవించినవాళ్లు. ఆయన వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేశాడు, హైస్కూల్లో ఆలస్యంగా చేరాడు, 1912లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తీసుకున్నాడు. 1926లో ఒక వారంతో దీన్ని ప్రారంభించాడు. ఏడాదిలో పొట్టి నెల మాకు పడేశారని నల్లవాళ్లు జోకులేస్తారు గానీ, ఫిబ్రవరిని ఎంచుకున్నది ఆయనే. 12న లింకన్ పుట్టినరోజు, 14న బానిసత్వం నుంచి తప్పించుకుని దానిమీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ది. నల్లవాళ్లు ఆ రెండూ అప్పటికే జరుపుకుంటున్నారు.

బడిపిల్లలు ఏడాదంతా చదివింది పదిమందికీ చూపించడానికే ఆ వారం. టీచర్లకు పాఠాలు, బొమ్మలు, నాటికలు తయారుచేసి ఇచ్చేవాడు. వారం పోయి ఏడాది రావాలన్నాడు. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ గుర్తింపుతో వారం కాస్తా నెలైంది. ఏడాది చదువు మాత్రం వెనకబడింది.

బస్సుల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లకు సీటు వదలాల్సివచ్చిన అలబామా ఊరు మాంట్‌గోమరీనే తీసుకోండి. అలసిపోయిన రోజా పార్క్స్ బస్సులో సీటు వదల్లేదు, ఉద్యమం పుట్టింది. మన పిల్లలు ఇంటికి తెచ్చే కథ ఇంతే. నిజానికి ఆమె ఎన్నో ఏళ్లుగా హక్కుల సంఘంలో కార్యదర్శి. ఆమెకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల సీటు వదలనని అరెస్టయింది. బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని కొట్టేయించిన దావాలో వాదుల్లో ఆ పిల్లా ఉంది. పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే లెక్చరర్ కాలేజీ సైక్లోస్టైల్ మిషను దగ్గర తెల్లవార్లూ నిలబడి వేల కరపత్రాలు తీసింది. 381 రోజుల బస్సు బహిష్కరణ వెనక ఇంత ఏర్పాటుంది. పోస్టర్‌లో ఇదంతా పట్టదు.

మరి నెల తీసేస్తే ఇవి పాఠంలోకి వాటంతటవే వస్తాయా? నాకు నమ్మకం లేదు. తీసేయమనేవాళ్లు ముందు తమ ఊరి బడి పుస్తకం తెరిచి చూపించాలి. అందులో జో ఆన్ రాబిన్సన్ ఉందా? ఉంటే నేనూ వాళ్లతో చేయి కలుపుతాను.

మనకేం సంబంధం అనుకునేవాళ్లు ఈ హాల్లోనూ ఉండొచ్చు. 1946 చట్టం ప్రకారం అమెరికాకు వలస రావడానికి భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఉండేది. దేశాలవారీ ఆ కోటాలను ఎత్తేసింది 1965 చట్టం. నల్లవాళ్ల ఓటు హక్కు చట్టం చేసిన కాంగ్రెస్సే, అదే ఏడాది, అదే పోరాటం ఊపులో ఇదీ చేసింది. మనలో చాలామంది వీసా కథ అక్కడే మొదలవుతుంది. మన సావనీర్లలో ఆ సంగతి నాకెక్కడా కనబడలేదు. ఈ ఏడాది కమిటీవాళ్లు రెండు పేజీలు కేటాయిస్తే రాసిస్తాను, ఫిబ్రవరి దాకా ఆగక్కర్లేదు.