ఇచ్చింది ఒక్క డిస్క్, కనిపిస్తున్నవి నాలుగు

(స్క్రీన్ మీద: టెర్మినల్ విండో. ఒకదాని కింద ఒకటి నాలుగు డిస్కులు. నాలుగింటి సైజూ 500 జీబీయే.)

స్టోరేజ్ టీమ్ వాళ్లు 500 జీబీ డిస్క్ ఒకటి ఇచ్చామన్నారు. సర్వర్‌లోకి లాగిన్ అయి చూస్తే నాలుగున్నాయి: ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ. పొరపాటున ఎక్కువిచ్చారేమో అనుకుని అన్నింటినీ ఫార్మాట్ చేయకండి. ఆ నాలుగూ ఒకే డిస్క్. అలా ఎందుకు కనిపిస్తోందో తెలుసుకుంటే, శాన్ (స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్) పనిలో రోజూ వినే మాటలు చాలావరకు వాటంతటవే అర్థమైపోతాయి.

ముందు ఒక ప్రశ్న. ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుందో లెక్క చూసుకునే ఫైల్ సిస్టమ్ ఎవరి దగ్గరుంది?

(స్క్రీన్ మీద: ఎడమవైపు సర్వర్, కుడివైపు స్టోరేజ్ బాక్స్.)

స్టోరేజ్ బాక్స్ దగ్గరుంటే అది న్యాస్ (నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్). "ఫలానా ఫోల్డర్‌లో ఉన్న ఫలానా ఫైల్ ఇవ్వు" అని సర్వర్ అడుగుతుంది. అలా అడగడానికి ఎన్‌ఎఫ్‌ఎస్, ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్స్ ఉన్నాయి. సర్వర్ దగ్గరుంటే అది శాన్. శాన్‌లో అవతలి బాక్స్‌కి ఫైళ్ల సంగతే తెలియదు, దానికి తెలిసింది బ్లాకులు, అంటే నంబర్లు వేసిన డిస్క్ ముక్కలు. "ఈ నంబరు నుంచి ఇన్ని బ్లాకులు ఇవ్వు" అంటే ఇస్తుంది, అంతే. ఏ బ్లాకులో ఏ ఫైల్ ముక్క ఉందో గుర్తుపెట్టుకునే బాధ్యత సర్వర్‌ది. ఈ బాధ్యత మాట దగ్గరికి మళ్లీ వస్తాం.

బ్లాకులు అడిగే భాష పేరు స్కజీ. 1986లో ప్రమాణంగా వచ్చింది. అప్పట్లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ మీద నడిచేది. ఆ కేబుల్ పోయింది, భాష మాత్రం నిలిచింది. ఇందులో అడిగేది ఇనీషియేటర్, ఇచ్చేది టార్గెట్. మన సర్వర్ ఇనీషియేటర్, స్టోరేజ్ బాక్స్ టార్గెట్. టార్గెట్ లోపల ఒక్కో డిస్క్‌కి ఇచ్చే నంబరే లన్. నిజానికి అది నంబరే అయినా, వాడుకలో ఆ డిస్క్‌నే లన్ అంటున్నాం.

ఈ భాష ప్రయాణించే దారుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఫైబర్ ఛానెల్. దీనికి సర్వర్‌లో హెచ్‌బీఏ అనే కార్డు, మధ్యలో ప్రత్యేకమైన స్విచ్‌లు కావాలి. ఆ స్విచ్‌లు అల్లుకున్న వలే ఫ్యాబ్రిక్. అవతల ఖాళీ బఫర్ (డేటాని తాత్కాలికంగా పెట్టుకునే చోటు) ఉందని తెలిస్తేనే ఇవతలి పోర్టు ఫ్రేమ్, అంటే డేటా పొట్లం, పంపుతుంది. అందుకే రద్దీలో కూడా ఫ్రేములు జారిపోవు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. రెండోది ఐస్కజీ. మామూలు ఈథర్నెట్, టీసీపీ మీదే నడుస్తుంది, పోర్టు 3260. 2004లో ప్రమాణమైంది. 10 గిగాబిట్ లింక్ అంటే సెకనుకి గరిష్ఠంగా 1.25 గిగాబైట్లేనని గుర్తుంచుకోండి. బిట్‌కీ బైట్‌కీ 8 రెట్ల తేడా.

ఇప్పుడు అనుమతుల విషయం. ఇక్కడ కాస్త ఆగుదాం.

(స్క్రీన్ మీద: స్విచ్ దగ్గర ఒక తాళం, స్టోరేజ్ బాక్స్ దగ్గర ఇంకో తాళం.)

స్విచ్‌లో వేసే తాళం జోనింగ్. ఏ పోర్టు ఏ పోర్టుని చూడొచ్చో అది చెబుతుంది. స్టోరేజ్‌లో వేసే తాళం లన్ మాస్కింగ్. ఏ సర్వర్‌కి ఏ లన్ చూపించాలో అది చెబుతుంది. పోర్టులని గుర్తుపట్టేది డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌తో, అంటే ఒక్కో పోర్టుకి ఉండే ప్రత్యేకమైన నంబరుతో. 8 బైట్లు, అంటే 16 హెక్స్ అంకెలు. ఒక్క అంకె తప్పు టైప్ చేసినా డిస్క్ కనిపించదు.

కనిపించకపోతే వెతుక్కోవచ్చు. కనిపించకూడని చోట కనిపిస్తేనే అసలు ప్రమాదం. ఒకే లన్‌ని రెండు సర్వర్లకు చూపించారనుకోండి. రెండూ మామూలు ఫైల్ సిస్టమ్‌తో దాన్ని మౌంట్ చేశాయి, అంటే వాడకానికి తగిలించుకున్నాయి. ఏ బ్లాకు ఖాళీగా ఉందో ప్రతి సర్వర్ తన మెమరీలో తన లెక్క రాసుకుంటుంది. పక్క సర్వర్ రాసింది దానికి తెలియదు. ఒకటి రాసిన చోటే రెండోది రాస్తుంది. ఆ క్షణంలో ఏ ఎర్రరూ రాదు, డేటా మాత్రం పాడైపోతుంది. బాధ్యత సర్వర్‌ది అన్నది ఇందుకే. నిజంగా పంచుకోవాలంటే వీఎంఎఫ్‌ఎస్, జీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ (సర్వర్లన్నీ ఒకరితో ఒకరు సమన్వయం చేసుకుని వాడేది) ఉండాల్సిందే.

ఇక మన నాలుగు డిస్కులు.

(స్క్రీన్ మీద: రెండు హెచ్‌బీఏ పోర్టులు, రెండు ఫ్యాబ్రిక్‌లు. ఒక్కో ఫ్యాబ్రిక్ నుంచి స్టోరేజ్‌కి రెండు దారులు.)

రెండు పోర్టులు, ఒక్కో పోర్టు నుంచి రెండు దారులు, మొత్తం నాలుగు. ప్రతి దారిలోనూ లన్ ఎదురుపడింది కాబట్టి, లైనక్స్ ప్రతిసారీ కొత్త డిస్క్ అనుకుని పేరు పెట్టింది. నాలుగింటి ఐడీ ఒకటేనని గుర్తించి, కలిపి ఒకే పరికరంగా చూపించేది మల్టీపాత్. మీరు ఫార్మాట్ చేయాల్సింది, మౌంట్ చేయాల్సింది ఆ కలిపిన పరికరాన్నే. నేరుగా ఎస్‌డీబీని మౌంట్ చేస్తే, ఆ దారి తెగిన రోజు మిగతా మూడూ బాగున్నా డిస్క్ పోయినట్టే.

నెట్‌వర్క్ మీద బ్లాకులు అడిగే ఇంకో భాష, ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ అనే మాట కూడా వింటారు. 2016లో వచ్చింది. అందులో స్కజీ ఉండదు, లన్ స్థానంలో నేమ్‌స్పేస్ ఉంటుంది.

సర్వర్‌ని వాడకంలోకి ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. డిస్క్ మీద ఏదైనా రాయిస్తూ, ఒక హెచ్‌బీఏ కేబుల్ తీసి చూడండి.

(స్క్రీన్ మీద: నాలుగు దారుల్లో రెండు ఎర్రగా మారతాయి. రాత కాసేపు ఆగి, మళ్లీ సాగుతుంది.)