ఇన్సూరెన్స్ 10 శాతం కోస్తే డెంటిస్ట్ ఆదాయం ఎంత తగ్గుతుంది?

[స్క్రీన్ మీద: అమెరికాలో ఒక డెంటల్ బిల్లు. క్రౌన్ 1,400 డాలర్లు, కింద రైట్-ఆఫ్ 500]

అమెరికాలో పన్నుకు క్యాప్, అంటే క్రౌన్, వేయించుకున్నవాళ్లు ఇలాంటి కాగితం చూసే ఉంటారు. అంకెలు లెక్క కోసం వేసినవే, ఊరిని బట్టి, ప్లాన్‌ని బట్టి మారతాయి. క్లినిక్ ఫీజు 1,400. ఇన్సూరెన్స్ ఒప్పుకున్న ఫీజు 900. మరి ఆ మిగతా 500 ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు, డాక్టరు వదులుకున్నారు. పీపీఓ నెట్‌వర్క్‌లో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రేటు ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో, చేరేటప్పుడు పెట్టే సంతకం దీనికే. కంపెనీ పేషెంట్లను పంపుతుంది, డాక్టరు కంపెనీ రేటుకు పని చేస్తారు.

కొత్తగా క్లినిక్ తెరిచినవాళ్లకు ఈ బేరం బాగానే ఉంటుంది. కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు 900 కూడా మంచి డబ్బే. చిక్కల్లా ఆ 900 ఏళ్ల తరబడి కదలకపోవడంతోనే. ఒక్కోసారి కొత్త ఫీ షెడ్యూల్ (రేట్ల పట్టిక) అంటూ ఉత్తరం వస్తుంది, తెరిచి చూస్తే 810 అని ఉంటుంది.

పది శాతమేగా, సర్దుకోవచ్చు అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

[స్క్రీన్ మీద: 100 డాలర్లు, మూడు ముక్కలుగా. 45, 20, 35]

క్లినిక్‌కు వచ్చే ప్రతి 100 డాలర్లలో 45 అద్దె, జీతాలు, సాఫ్ట్‌వేర్ లాంటి వాటికి పోతాయనుకుందాం. పేషెంట్ వచ్చినా రాకపోయినా ఇవి తప్పవు. ఇంకో 20 ల్యాబ్ బిల్లుకీ మెటీరియల్‌కీ. మిగిలిన 35 డాక్టరువి. చదువు అప్పు కట్టేది కూడా అందులోంచే. అక్కడ డెంటల్ స్కూల్ నుంచి అప్పుతో బయటికొచ్చేవాళ్ల సగటు అప్పు దాదాపు 3 లక్షల డాలర్లు.

ఇప్పుడు 100 కాస్తా 90 అయింది. అద్దె తగ్గదు. ల్యాబ్ వాళ్లు తగ్గించరు. పళ్లు శుభ్రం చేసే హైజీనిస్ట్ జీతం సంగతి సరేసరి, కోవిడ్ తర్వాత హైజీనిస్ట్‌లు దొరకడమే కష్టమైపోయి జీతాలు పెరిగాయి. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం తాకింది, గ్లవ్స్ నుంచి పళ్ల అచ్చు తీసే ఇంప్రెషన్ మెటీరియల్ దాకా దేన్నీ వదల్లేదు. కాబట్టి ఆ 10 డాలర్లూ డాక్టరు 35లోంచే పోతాయి. 35 కాస్తా 25. ఫీజు తగ్గింది 10 శాతం, చేతికొచ్చేది తగ్గింది 28 శాతానికి పైనే.

ఇంకొంతమందిని ఎక్కువ చూస్తే సరిపోదా? చాలామంది మొదట చేసేది ఇదే. పాత ఆదాయం రావాలంటే ఇవే అంకెలతో 14 శాతానికి పైగా పని పెరగాలి, అదీ ఒక్క మనిషిని కూడా కొత్తగా తీసుకోకుండా. గంటకు కుర్చీలో కూర్చోబెట్టగలిగేది ఒకరినే. అపాయింట్‌మెంట్లు కుదించాలి, పేషెంట్‌తో మాట్లాడే టైమ్ తగ్గించాలి, భోజనం మానేయాలి. నన్నడిగితే తక్కువ రేటు పనిని ఇంకా ఎక్కువ చేయడం మందు కాదు, రోగాన్ని పెంచడమే.

[స్క్రీన్ మీద: "ఫీజు అదే, చెక్కు మాత్రం చిన్నది"]

ఫీ షెడ్యూల్ ముట్టుకోకుండానే చెల్లింపు తగ్గించే దారులూ ఉన్నాయి. దవడ పన్నుకు తెల్ల ఫిల్లింగ్ వేస్తే వెండి ఫిల్లింగ్ రేటుకే లెక్క కట్టడం ఒకటి. దీన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. క్రౌన్ నిలవడానికి దాని కింద కట్టిన బిల్డప్‌ను, అంటే బిల్లులో డి2950 కోడ్‌తో రాసే పనిని, క్రౌన్‌లోనే కలిపేసి విడిగా ఇవ్వకపోవడం ఇంకొకటి.

అన్నిటికన్నా చికాకు పెట్టేది లీజు నెట్‌వర్క్. డాక్టరు సంతకం చేసింది ఒక కంపెనీతో. ఆ కంపెనీ తన నెట్‌వర్క్‌ను ఇంకో కంపెనీకి అద్దెకిస్తుంది. అలా ఎప్పుడూ మాట్లాడని కంపెనీ రేటు మీ క్లినిక్‌లో అమలవుతుంది, క్లెయిమ్ వెనక్కొచ్చేదాకా ఫ్రంట్ డెస్క్‌కు కూడా తెలియదు. దీనికి ముందే నోటీసు ఇవ్వాలని, వద్దనే హక్కు డాక్టరుకు ఉండాలని కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి.

పేషెంట్‌కైనా లాభమా అంటే, కొంతవరకే. ఏడాదికి ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి 1970లలో చాలా ప్లాన్లలో 1,000 డాలర్లు ఉండేది. ఇప్పటికీ ఎక్కువ ప్లాన్లలో 1,000 నుంచి 2,000 మధ్యే ఉంది. ఒక రూట్ కెనాల్, ఒక క్రౌన్‌తో అది ఖాళీ.

డెంటిస్టులందరూ కలిసి "ఈ రేటుకు చేయం" అనొచ్చుగా? అనకూడదు. వేర్వేరు క్లినిక్‌లు రేట్ల మీద కూడబలుక్కుంటే వ్యాపారంలో పోటీని కాపాడే యాంటీట్రస్ట్ చట్టం కింద నేరం. ఎదుటి పక్షంలో ఇన్సూరెన్స్ కంపెనీలకు మాత్రం 1945 నుంచి ఆ చట్టాల్లో మినహాయింపు ఉండేది. ఆరోగ్య, డెంటల్ ఇన్సూరెన్స్‌కు దాన్ని ఎత్తేసింది 2021 జనవరిలో. మసాచుసెట్స్ ఓటర్లు 2022 నవంబరులో ఇంకో అడుగు వేశారు. డెంటల్ ప్రీమియంలో కనీసం 83 శాతం వైద్యానికే ఖర్చు చేయాలనే నిబంధనను గెలిపించారు.

[స్క్రీన్ మీద: నెట్‌వర్క్ వదిలేస్తే?]

ఒంటరిగా బేరమాడటంలో తప్పు లేదు. బిల్లుల్లో ఎక్కువగా వాడే పాతిక చికిత్సల కోడ్‌లు తీసుకుని, ఒక్కో కంపెనీ దేనికి ఎంతిస్తోందో పక్కపక్కన రాసుకుని అడగాలి. ఒప్పుకోకపోతే బయటికి రావడమే. భయం ఒక్కటే, పేషెంట్లు పోతారేమో. ఒక ప్లాన్ మీ ఫీజులో 65 శాతమే ఇస్తోందనుకోండి. ఆ ప్లాన్‌లో వందమంది ఉంటే, 35 మంది వెళ్లిపోయినా మిగిలిన 65 మంది పూర్తి ఫీజుతో వసూళ్లు అంతే ఉంటాయి, ల్యాబ్ బిల్లు మాత్రం తగ్గుతుంది. ఉండిపోయినవాళ్లకు చాలా పీపీఓ ప్లాన్లు బయటి డాక్టరుకైనా కొంత ఇస్తాయి. ఆ సంగతి ఫ్రంట్ డెస్క్ ముందుగానే వివరంగా చెప్పాలి. వాళ్లు పోతారన్న టెన్షన్‌తో పేషెంట్ వాటాను మాఫీ చేస్తూ పోతే మాత్రం ఇన్సూరెన్స్ మోసం కింద ఇరుక్కుంటారు.

మొదట వదలాల్సింది తక్కువ రేటు, తక్కువమంది పేషెంట్లు ఉన్న ప్లాన్‌ను. రద్దు ఉత్తరం పంపేముందు కాంట్రాక్టులో నోటీసు గడువు చూసుకోండి. అదే కంపెనీ ఇంకో లీజు నెట్‌వర్క్ మీదుగా మళ్లీ మీ క్లినిక్‌లోకి వస్తోందేమో కూడా అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి.