ఒక మిల్లీమీటరు గురించి
(విశాఖపట్నంలో ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ వస్తువు మీ చేతికిస్తున్నాను. చూసి పక్కవాళ్లకి అందించండి. తెల్లటి జల్లెడలాంటి దాని మీద మనిషి ముఖం అచ్చుగుద్దినట్టు ఉంది కదా? రేడియేషన్ మాస్క్ అంటే ఇదే. మొదట ఇది ఉత్త ప్లాస్టిక్ పలక. సుమారు 70 డిగ్రీల నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. నీరు దులిపి, వెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి, రెండు పక్కలా లాగి బల్లకి బిగిస్తాం. కొద్ది నిమిషాల్లో ముక్కు, గడ్డం, కళ్ల గుంటలతో సహా గట్టిపడిపోతుంది.

నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. డాక్టరుగారు రాసిన డోసు రాసిన చోటే పడేలా చూడడం నా పని. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఈ రేడియేషన్ వైద్యాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. కరెంటు కాదండీ అని దిద్దడం నేను ఎప్పుడో మానేశాను.

మెదడులో చిన్న గడ్డ ఉంటే, పుర్రె తెరవకుండా, సన్నటి కిరణాలని అనేక దిక్కుల నుంచి ఆ ఒక్కచోటికే పంపే వైద్యం రేడియోసర్జరీ. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లో ఈ పేరు పెట్టాడు. ఈ వైద్యానికి ఆయన చేసిన యంత్రం గామా నైఫ్ 1968లో స్టాక్‌హోమ్‌లో పని మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో మత్తు సూది ఇచ్చి, తలకి లోహపు ఫ్రేమ్ తొడిగి, నాలుగు స్క్రూలు పుర్రె ఎముకకి ఆనేలా బిగిస్తారు. తల కదిలే ప్రసక్తే లేదు. కానీ ఫ్రేమ్ తలకుండగానే స్కానూ, ప్లానూ, వైద్యమూ ఒకే రోజులో ముగించాలి. మూడు నాలుగు సిట్టింగులుగా ఇద్దామంటే కుదరడం కష్టం. అందుకే ఫ్రేమ్ లేని పద్ధతులు వచ్చాయి. మీ చేతుల్లో తిరుగుతున్న మాస్క్ వాటిలోదే.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. స్క్రూ ఎముకని పట్టుకుంటుంది. మాస్క్ పట్టుకునేది చర్మాన్ని. చర్మం కింద పుర్రెకి కొంచెం సందు ఉంటుంది. మాస్క్ బిగించాం కాబట్టి తల ఉండాల్సినచోటే ఉందనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఫ్రేమ్ ఉన్న రోజుల్లో మన నమ్మకం ఉక్కు మీద. ఇప్పుడు బల్ల మీద పడుకున్నాక తీసే ఎక్స్‌రే బొమ్మ మీద.

ఒక మిల్లీమీటరుకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. లెక్క చూడండి. గడ్డ 10 మిల్లీమీటర్ల గుండు అనుకుందాం. గురి మీద నమ్మకం చాలక చుట్టూ ఒక్క మిల్లీమీటరు అదనంగా కలిపితే 12 మిల్లీమీటర్ల గుండవుతుంది. ఘనపరిమాణం 73 శాతం పెరుగుతుంది. ఆ పెరిగినదంతా మంచి మెదడే. రేడియేషన్ డోసుని గ్రేలలో కొలుస్తాం. మామూలు రేడియేషన్‌లో రోజుకి సుమారు 2 గ్రే ఇస్తే, ఇక్కడ ఒక్క పూటలో 20 గ్రే వరకూ వెళ్తాం. పక్కనే చూపు నరం ఉంటే దానికి 8, 10 గ్రే దాటనివ్వం.

ఇంకో చిక్కు తల తిరగడం. తల పక్కకి జరిగితే లోపల ప్రతి చోటూ అంతే జరుగుతుంది. ఒరిగితే అలా కాదు. తలుపు తీస్తే బందుల దగ్గర కదలిక తెలియదు, రెండో అంచు మాత్రం జానెడు వస్తుంది. తల ఒక్క డిగ్రీ ఒరిగితే, మేం గురిపెట్టిన కేంద్రానికి 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గడ్డ ఒక మిల్లీమీటరు తప్పుతుంది. ఒకే కేంద్రం పెట్టుకుని నాలుగైదు గడ్డలకి ఒకేసారి వైద్యం చేసేటప్పుడు నాకు భయం ఇక్కడే. అందుకే మా బల్ల ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ జరగడమే కాదు, మూడు రకాలుగా ఒరుగుతుంది కూడా.

ఒక తాతగారి సంగతి చెప్పాలి. గురువారం మాస్క్ చేసి, స్కాన్ తీశాం. సోమవారం వైద్యం. పొద్దున్నే తలపాగా విప్పితే నున్నటి గుండు! "అప్పన్నకి తలనీలాలిచ్చీసి వచ్చినాను బాబూ, తలకాయికి వైద్యం కదేటి" అన్నాడు. మాస్క్ వేస్తే పడింది, క్లిప్పులూ బిగిశాయి. బయటికి అంతా బాగానే ఉంది. నుదుటి దగ్గర వేలు పెట్టి చూశాను, దూరింది. బల్ల మీదే తీసే కోన్ బీమ్ సీటీ స్కాన్‌లో తల 3 మిల్లీమీటర్లు జరిగి, గడ్డం 2 డిగ్రీలు పైకి లేచి కనిపించింది. బల్లని సరిచేశాం. సరైందో లేదో చూద్దామని మళ్లీ బొమ్మ తీస్తే, ఈలోగానే ఇంకోలా ఉంది. మాస్క్‌లో తలకి ఆడే చోటుంటే బల్ల ఎన్నిసార్లు సరిదిద్దినా నిలవదు. ఆ రోజు బీమ్ వెయ్యలేదు. మాస్క్, స్కాన్, ప్లాన్ అన్నీ కొత్తగా చేసేసరికి రెండు రోజులు పట్టింది.

తప్పు తాతగారిది కాదు, మాది. మేం ఇచ్చిన కాగితంలో మందుల గురించి ఉంది, తిండి గురించి ఉంది, జుట్టు గురించి లేదు. సింహాచలం కింద ఉన్న ఊళ్లో ఆ మాట రాయాలని మాకు తట్టలేదు! ఇప్పుడు మొదటి వాక్యం అదే. కట్టుడు పళ్లు స్కాన్‌లో పెట్టుకుంటే వైద్యానికీ పెట్టుకు రావాలి. స్టెరాయిడ్ మాత్రలతో ముఖం ఉబ్బితే మాస్క్ బిగుతవుతుంది, అదీ చెప్పాలి.

బొమ్మ ఒక్కసారి తీసి ఊరుకోం. బల్ల తిప్పిన ప్రతిసారీ చూడాలని నా పట్టు. టైమ్ పడుతుందని కొందరు విసుక్కుంటారు, వాళ్ల బాధా న్యాయమే, బల్ల మీద ఎక్కువసేపు ఉంటే మనిషి ఎక్కువ కదులుతాడు. సైబర్‌నైఫ్ అనే ఇంకో రేడియోసర్జరీ యంత్రం, వైద్యం సాగుతుండగానే మధ్యమధ్య ఎక్స్‌రేలు తీసి సరిచేసుకుంటుంది. 2015లో వచ్చిన కొత్తరకం గామా నైఫ్‌ని మాస్క్‌తోనూ వాడొచ్చు. ముక్కు మీద అంటించిన చిన్న బిళ్లని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూస్తూ ఉంటుంది, హద్దు దాటితే కిరణం ఆగుతుంది.

మరి ఆ బొమ్మ తీసే యంత్రమే తప్పయితే? పేషెంట్ రాకముందే బల్ల మీద చిన్న లోహపు గోళీ పెట్టి, మెషీన్‌నీ బల్లనీ రకరకాల కోణాల్లో తిప్పి ఫొటోలు తీస్తాం. కిరణపు వెలుగు మధ్యలో గోళీ నీడ పడాలి. తేడా ఒక మిల్లీమీటరు దాటకూడదు. దీన్ని విన్‌స్టన్–లట్జ్ పరీక్ష అంటారు. దానికి ముందు నేను టీ కూడా తాగను, ఇది రూలు కాదు, నా చాదస్తం.

చివరిగా మీతో ఒక పని ఉంది. మాస్క్ లోపల ఊపిరి బిగపట్టి పడుకునేవాళ్లని చాలామందిని చూశాను. అక్కర్లేదు, మామూలుగా గాలి పీల్చండి. ఎక్కడైనా నొప్పెడితే ఓర్చుకోకండి, చేతిలో బెల్ ఉంటుంది, నొక్కండి. నొప్పికి ఓర్చుకునే తల మెల్లగా పక్కకి జారిపోతుంది, ఆ సంగతి మనిషికి కూడా తెలియదు.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ మాస్క్ ఎవరి దగ్గరుందో గానీ, వెనక వరసలో అమ్మగారు చూడలేదంటున్నారు, అటు పంపండి.