మిద్దె మీద చేపలొద్దు

అందరికీ నమస్కారం. శాలువాలు, పరిచయాలు అయ్యేసరికి పదకొండున్నర అయింది. వేదిక మీది పెద్దల పేర్లు మళ్ళీ చదవను, ఏమనుకోవద్దు. బయట మన తిరుపతి ఎండ చూశారు కదా, నా మాటంతా దాని గురించే.

బ్యానరు మీద ‘మిద్దె మీద ఆక్వాపోనిక్స్’ అని రాశారు, అంటే ఒకే నీళ్ళతో చేపలూ మొక్కలూ పెంచడం. నేను చెప్పేది మిద్దె మీద వద్దని.

పద్ధతి తెలిసిందే. చేపల తొట్టి నీళ్ళను మోటారు కంకర తొట్టిలోకి తోడుతుంది. చేపలు వదిలిన అమ్మోనియాను కంకరకు పట్టిన బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. అది మొక్క తింటుంది, నీళ్ళు మళ్ళీ చేపలకు పోతాయి. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గరికి దిగేదాకా చేపలు నాలుగైదు చాలు. మునిసిపల్ నీళ్ళయితే గాలి పంపు పెట్టి ఒకరోజు డ్రమ్ములో ఉంచాలి, క్లోరిన్ పోవాలి.

ఇక బరువు. వెయ్యి లీటర్లంటే టన్ను. ఇంటి స్లాబుకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్క కడతారు. చదరపు మీటరు వెడల్పు, అడుగు లోతు కంకర తొట్టి ఒక్కటే నీళ్ళతో కలిపి ఆరు క్వింటాళ్ళకు దగ్గరవుతుంది. ఈ ఒక్క లెక్క చాలదా?

చాలకపోతే వేడి సంగతి వినండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 35 దగ్గర 7 కూడా పట్టదు. మన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. తొట్టిలో 6 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి, వెయ్యి లీటర్లకు మొత్తం 6 గ్రాములు. మేత తిన్న చేప ఆ వేడిలో కిలోకు గంటకు సుమారు 0.3 గ్రాము పీలుస్తుంది. ఇరవై కిలోల చేపలుంటే? గంటలో తొట్టి ఖాళీ. మే నెల సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయిందంటే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. అందుకే పది కిలోలు దాటొద్దు. గాలి పంపుకు విడిగా బ్యాటరీ పెట్టండి. మోటారు ఆగినా పర్వాలేదు, గాలి ఆగకూడదు.

కొర్రమీను పైగాలి పీలుస్తుంది, కాబట్టి కొంత తట్టుకుంటుంది. కానీ ఎగిరి బయటపడుతుంది, పైన వల కట్టాలి. థాయ్ మాగూర్ అనే చేపను ఎవరైనా అంటగడితే కొనొద్దు, అది నిషేధం.

పెరట్లో గోడకు తూర్పు వైపున, మధ్యాహ్నం నీడ పడేచోట, తొట్టిని రెండడుగులు భూమిలోకి దించండి. మూత వేయండి, పాచి పట్టదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మొక్కల మీద 50 శాతం షేడ్‌నెట్ కట్టండి.

కంకర 20 ఎంఎం గ్రానైటు, మన జిల్లాలో కొదవా? ఒక రాయి మీద వెనిగర్ పోయండి. బుడగలొస్తే సున్నం ఉన్నట్టు, అది నీళ్ళలో క్షారం, అంటే పీహెచ్, పెంచుతుంది, వద్దు. క్రషర్ దుమ్ము పోయేదాకా కడగండి, లేకపోతే అది కంకర తొట్టి నీళ్ళను దించే సైఫన్ గొట్టంలో కూరుకుంటుంది. బోరు నీళ్ళ పీహెచ్ కొన్నిచోట్ల 8 దాకా ఉంటుంది. 30 డిగ్రీల్లో, పీహెచ్ 8 దగ్గర, నీళ్ళు పరీక్షించే కిట్ చూపించే అమ్మోనియాలో 7 శాతం దాకా విషమే. పీహెచ్ 7 దగ్గరైతే ఒక శాతం లోపే. ఆవిరైన కొద్దీ బోరు నీళ్ళే పోస్తుంటే ఉప్పు పేరుకుంటుంది. వాననీళ్ళు పట్టుకోండి.

ఏం వేయాలి? తోటకూర, బచ్చలి, గంగవాయిలాకు, వంగ, బెండ. లెట్యూస్ మన ఎండకు చేదెక్కుతుంది. ‘మదనపల్లెలో టమాటా విరగకాస్తుంది కదా’ అంటారు. అది సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 160లో. ఇక్కడ మే నెలలో పూత రాలిపోతుంది.

లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందనట్టు. ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుము మందు, అందులో ఇనుము 6 శాతం ఉన్నది, వెయ్యి లీటర్లకు 30 గ్రాములు కలపండి. నీళ్ళు ఎర్రబడతాయి, కంగారొద్దు. రాగి మందులు మాత్రం ఆ చుట్టుపక్కలకు తేవద్దు, చేపలు బతకవు.

ఇప్పటికే తొట్టి మిద్దెకెక్కించినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో! ముందు ఇంటికి ఫోన్ చేసి సగం నీళ్ళు దించమనండి. చేపలుంటే వాటిని ముందే నీడలో డ్రమ్ములోకి మార్చి గాలి పంపు పెట్టమనండి. భోజనాలయ్యాక మీ స్లాబు కింద దూలాలు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గీసుకుని నా దగ్గరికి రండి.